బీరు పెట్టె వెనక్కి తెచ్చిన మనిషి

పార్సిప్పనీ, న్యూజెర్సీ
1983 మార్చి 6

ప్రియమైన మణికి,

ఆ సాయంత్రం బీరు తెచ్చినవాడు పెట్టె ఇవ్వకుండా వెనక్కి పట్టుకుపోయి ఉంటే కాథ్లీన్ బతికేదా? ఈ దేశం వచ్చిన కొత్తల్లో మొదలైన ప్రశ్న ఇది. ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు. వాల్తేరు హాస్టల్ గదిలో నీకు చెప్పని సంగతంటూ లేని నేను, దీన్ని మాత్రం దాచుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక చెప్పక తప్పడం లేదు.

నువ్వడిగింది చిన్న సాయమే. మీ కొట్టు ఉన్న ఊళ్ళో కౌన్సిల్ వాళ్ళు బీరు, వైను ఇళ్ళకి చేర్చడం మీద రూలు తెస్తున్నారు. తెచ్చినవాడు గుమ్మం దగ్గరే పెద్దవాళ్ళ చేతికివ్వాలి. గడప దాటి లోపలికి పోకూడదు. తీసుకునే మనిషి అప్పటికే తాగి ఉంటే, ఇవ్వకుండా వెనక్కి తెచ్చెయ్యాలి. ఆ చివరి షరతు మీ వ్యాపారాన్ని ముంచుతుందన్నావు. నేను యూనివర్సిటీలో తాగుడు మీద జరిగే పరిశోధనలో పనిచేస్తున్నాను కాబట్టి, అది వద్దని కౌన్సిల్‌కి నాలుగు ముక్కలు మంచి ఇంగ్లీషులో రాయమన్నావు.

మేము మొదట కాపురం పెట్టింది హడ్సన్ ఒడ్డున ఒక పాత బిల్డింగులో. మా పై ఫ్లాట్‌లో కాథ్లీన్, ఆమె మొగుడు. అతను రేవులో పని. నాకు స్వెటర్ అల్లడం ఆమే నేర్పింది. ఒక శుక్రవారం నేను ఉతికిన బట్టల బుట్టతో మెట్లెక్కుతుంటే, కొట్టునుంచి బీరు తెచ్చిన మనిషి వాళ్ళ తలుపు కొట్టాడు. కాథ్లీన్ తీసింది. ఒక చెయ్యి చెవికి అదుముకుని ఉంది, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతిదాకా కారుతోంది. వెనకనుంచి మొగుడి చేతులొచ్చి పెట్టె అందుకున్నాయి. తెచ్చినవాడు ఆ చెవి చూశాడు, నన్ను చూశాడు, సంతకం పెట్టించుకున్నాడు. నన్ను దాటి దిగిపోతూ "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అన్నాడు.

పోలీసులకి ఫోన్ చేశాను. వచ్చారు, గుమ్మంలో అతనితో మాట్లాడి వెళ్ళారు. ఆ తర్వాత మా కప్పు మీద బరువైనదేదో పడ్డ చప్పుడు, ఈడ్చిన చప్పుడు. స్నానాల తొట్టి అంచుకేసి ఆమె తల కొట్టాడట, ఆమె కదలడం మానేశాక కూడా. మా బాత్రూమ్ కప్పు మీద నెత్తుటి తేమ దిగింది. ఇంటి ఓనరు రంగు వేయించాడు. రంగు కింద ఆ మరక ఎక్కడుందో నాకు తెలుసు.

నా ఉద్యోగం అంకెలు చదవడం. తాగుడికీ దెబ్బలకీ ఉన్న సంబంధం గురించి ఎంతమంది ఎన్ని పుస్తకాలు రాశారో నాకు తెలుసు. కానీ ఆ మనిషి పెట్టె చేత్తో పట్టుకుని ఆగిన ఆ క్షణం గురించి ఏ పుస్తకమూ చెప్పదు. ఆ మనిషికి "ఇవ్వకు" అని చెప్పే రూలు అప్పుడు లేదు. మీ ఊళ్ళో ఇప్పుడు పెడుతున్నారు. దాన్ని వద్దని నేనెలా రాయను, మణీ?

రాయనని అనడం లేదు. ఆలోచిస్తానంటున్నాను. ప్రేమానందంగారికి నమస్కారాలు, మీ లూసీకి ముద్దులు.

నీ
వసు


ఫ్రీమాంట్
1983 మార్చి 27

ప్రియమైన మేధావిగారికి,

కోపంగా ఉన్నాను, అందుకే గారు తగిలించాను. కాథ్లీన్ గురించి చదివి ఏడ్చాను. అది అబద్ధం కాదు. ముక్కు చీదుకుని, మొహం కడుక్కుని, ఇప్పుడు రాస్తున్నాను. నీ ప్రశ్న గుమ్మంలో నిలబడదు వసూ. నిలబడేది మా ఆయన.

కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంజనీర్ ప్రేమానందంగారు ఎన్ని గుమ్మాలు ఎక్కాడో నీకు తెలుసు. ఆఖరికి పక్క ఊళ్ళో ఈ మూల కొట్టు దొరికింది. పాలు, బ్రెడ్డు పెద్ద స్టోర్లలో చవక, మా దగ్గర ఎవరు కొంటారు? మమ్మల్ని బతికిస్తున్నది ఫోన్ చేస్తే ఇంటికి బీరు తెస్తాం అన్న ఆ ఒక్క మాటే. చర్చిలో దానికీ చీవాట్లే. మొన్న పాస్టరుగారు అందరి ముందూ, "బ్రదర్ ప్రేమానందం, మీ బీరు కొట్టు కోసం కూడా ప్రార్థన చెయ్యాలా?" అన్నారు. ఈయన తొణక్కుండా, "చెయ్యండి అయ్యగారూ, ఆదివారం మూసే ఉంచుతున్నాం" అన్నాడు. వెనక వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఏ రూలూ లేకుండానే, తన మనసుకి తోచి, మొన్న నవంబర్‌లో ఈయన ఒకడికి పెట్టె ఇవ్వనన్నాడు. వాడు చొక్కా లేకుండా, తూలుతూ తలుపు తీశాడట. వెనక ఎవరో పిల్ల ఏడుపు వినిపించిందట. "సార్, ఇవాళ మీకు చాలు" అన్నాడట మా మహానుభావుడు. వాడు నవ్వి, "సరేలే" అని భుజం తట్టి వ్యానుదాకా సాగనంపాడట. ఈయన ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యిపెట్టి జుట్టు పట్టుకుని మొహాన్ని స్టీరింగ్‌కేసి బాదాడు. మళ్ళీ మళ్ళీ బాదాడు. హారన్ మోగుతూనే ఉందట, దెబ్బ దెబ్బకీ. వీధిలో ఒక్కడు బయటికి రాలేదు. ముందు పళ్ళు రెండూ అక్కడే వదిలేసి, వ్యాను తనే నడుపుకుంటూ వచ్చాడు. కొట్టులోకొచ్చి నవ్వబోతే నోరంతా ఎర్రటి గొయ్యి. లూసీ చేతిలో గుడ్ల ట్రే కిందపడింది. నీకు ఫోన్‌లో "జారిపడ్డాడు" అని చెప్పాను చూడు, అది ఇదే.

తన ఇష్టంతో ఒక్కసారి అన్నందుకే అంత జరిగింది. ఇక ప్రతి తాగుబోతుతోనూ అనాలి, అనకపోతే లైసెన్స్ పోతుంది. కౌన్సిల్‌వాడు మెత్తటి కుర్చీలో కూర్చుని "ఇవ్వకు" అని రాస్తాడు. ఆ రాతని తాగినవాడి మొహంమీద పైకి చదవాల్సింది ఎవరు? నువ్వా, నేనా? కొట్టు దగ్గర ఇవ్వను అంటే నాలుగు గోడలుంటాయి, కౌంటర్ అడ్డం ఉంటుంది, కొనేవాళ్ళు ఉంటారు. వాడి ఇంటి గుమ్మంలో ఏముంది, వాడూ, నా మొగుడూ.

నాకు రూలు మీద కోపం లేదు. తాగి ఉన్నవాడికి అసలు డెలివరీ ఆర్డరే తీసుకోవద్దని రాయమను, ఫోన్‌లోనే కాదంటాం. ఇంటిముందుకి వెళ్ళాక కాదనమనడమే చావు. నీకు ఇంగ్లీషు ఉంది, నీ పేరు పక్కన అక్షరాలున్నాయి. రాయి. కౌన్సిల్‌లో హియరింగ్ మే నెలాఖరుకి.

కోపమైనా నీదే,
మణి


పార్సిప్పనీ
1983 మే 1

ప్రియమైన మణికి,

కౌన్సిల్‌కి ఉత్తరం పంపాను. రూలు ఉండాలని రాశాను.

ఈ మాట ఇంకొకరి నోట నువ్వు వినకూడదని ముందే రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ నాకు నిద్ర సరిగా లేదు. ప్రేమానందంగారి నోరు కళ్ళ ముందు కదులుతూనే ఉంది. "నీకు ప్రతి విషయంలో రెండు వైపులూ కనిపిస్తాయి, అందుకే నిన్ను కూరగాయలకి పంపితే ఖాళీ సంచితో వస్తావు" అని మా శ్రీధర్ ఎప్పుడూ వెక్కిరిస్తాడు. నిజమే. బతుకంతా అలాగే గడిపాను. ఈ ఒక్కసారి తేల్చుకున్నాను.

నేను ఆలోచించింది ఇది. గుమ్మానికి బయట ఉన్న మనిషికి వ్యాను ఉంది, వీధి ఉంది, పారిపోయే దారి ఉంది. గుమ్మానికి లోపల ఉన్న ఆడదానికి అవేవీ లేవు. ఇద్దరిలో ఒకరు ఆ తాగినవాడి ఎదుట నిలబడక తప్పదంటే, దారి ఉన్నవాళ్ళే నిలబడాలి. ఫోన్‌లో కాదనొచ్చు అన్నావు. ఫోన్‌లో మాట స్థిమితంగానే ఉంటుంది మణీ. కాథ్లీన్ మొగుడు కూడా ఎంతో మర్యాదగా ఆర్డర్ ఇచ్చేవాడు.

నీ మాట పూర్తిగా తీసెయ్యలేదు. డెలివరీకి ఒక్కరిని పంపకూడదు, ఇద్దరు వెళ్ళాలి అని గట్టిగా రాశాను. ఇవ్వనని చెప్పి వెంటనే వ్యాను ఎక్కెయ్యాలి, గడప దాటకూడదు అని కూడా రాశాను.

నన్ను తిట్టు. ఉత్తరాలు మాత్రం మానకు.

నీ
వసు


ఫ్రీమాంట్
1983 జూలై 17

వసుమతికి,

నీ ఉత్తరం హాల్లో పైకి చదివారు. నేను మూడో వరసలో కూర్చున్నాను, ఈయన పక్కనే. చదివినావిడ గొంతు బాగుంది. తొట్టి అంచు దగ్గరికొచ్చేసరికి ఒకామె కళ్ళు తుడుచుకుంది. అయిపోయాక చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఈయన కొట్టాడు. మోచేత్తో పొడిచాను. "ఏంటే, బాగా రాసింది కదా" అన్నాడు.

నీ ఇద్దరు మనుషుల మాట వచ్చినప్పుడు మాత్రం కొట్లవాళ్ళంతా నవ్వారు. రెండు జీతాలు ఎవడిస్తాడని. ఆ పేరా కొట్టేసి మిగతాదంతా ఉంచారు. రూలు పాసయింది. నువ్వు ఇద్దరు మనుషులని రాశావు, వాళ్ళు ఒక్కడినే ఉంచారు.

ఎక్కువ రాయాలని లేదు. కానీ నువ్వు రాసిన రూలు ఎలా నడుస్తోందో నీకు తెలియాలిగా. తెల్లవాళ్ళ ఇళ్ళ దగ్గర ఫరవాలేదు. గుమ్మంలో నిలబడితే వాళ్ళు తప్పు పట్టరు. చిక్కంతా మనవాళ్ళతోనే. ఇక్కడ కంప్యూటర్ కంపెనీలో చేసే భాస్కర్ అని ఒకడున్నాడు, హైదరాబాద్ అబ్బాయి. తాగి కారు నడిపినందుకు లైసెన్స్ తీసేసుకున్నారు. ప్రతి శనివారం బీరుకి ఫోన్ చేస్తాడు. భార్య రేణు మంచి పిల్ల. ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు, నీకూ చెప్పక్కర్లేదు.

మొదటిసారి ఈయన గుమ్మంలోనే నిలబడి పెట్టె చాచితే భాస్కర్‌కి రోషమొచ్చింది. "ఏందన్నా, పోస్ట్‌మ్యాన్ లెక్క బయట నిలబడ్తివి? మా ఇంట్ల కాఫీ తాగవా? మేము హిందువులమనా, నువ్వు చర్చోనివనా?" అన్నాడట. ఇక మా ఆయన ఆగుతాడా. వెళ్ళి కూర్చుని, కాఫీ తాగి, వాళ్ళమ్మగారి ఆరోగ్యం అడిగి వచ్చాడు. ఇప్పుడదే అలవాటయింది. "గడప దాటొద్దని రూలు కదా" అంటే, "అది దొరలకోసం రాసిందే పిచ్చిమొహమా. రేణు కాఫీ పెట్టి పిలుస్తుంటే బయటినుంచే పోతే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో చూశావా?" అంటాడు.

నేను చూడలేదు. ఈయన చూశాడు. అదే భయంగా ఉంది.

కొన్నాళ్ళు నాకు రాయకు.

మణి


పార్సిప్పనీ
1983 నవంబర్ 20

ప్రియమైన మణికి,

రాయొద్దన్నావు, రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేను.

ఇక్కడి తెలుగువాళ్ళ భోజనాల్లో ఉషా అని ఒకావిడ అంది, "కాలిఫోర్నియాలో ఎవరో మనవాళ్ళే, బీరు డెలివరీకి వెళ్ళినాయన్ని ఇంట్లో కొట్టి చంపారట, పాపం." అన్నం కలుపుతూనే అంది. ఊరు పేరు అడిగాను. కొట్టు పేరు అడిగాను. ఆ తర్వాత నన్ను శ్రీధర్ కారుదాకా పట్టుకుని నడిపించాడట.

ఆ రాత్రీ, మర్నాడూ ఫోన్ చేశాను. లూసీ తీసింది. "వసూ ఆంటీ, అమ్మ మీతో టాక్ చెయ్యదు అంట. రావద్దు అంట. సారీ ఆంటీ" అంది. దాని తెలుగు ఎప్పుడూ అలాగే ముక్కలుగా ఉంటుంది. కానీ ఈసారి ముక్కల మధ్య ఊపిరి లేదు. "నాన్న ఎలా..." అని నేను అడగబోతుంటే, "ఐ సా హిమ్ ఆంటీ" అని పెట్టేసింది.

టికెట్ కొన్నాను. రావద్దన్న మాట మీద తిప్పి ఇచ్చేశాను. ఆ పని సరైనదో కాదో తెలియదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఎవరు, ఎలా, ఎందుకు అన్నది కూడా అడగను. నువ్వు ఎప్పుడైనా రాస్తే చదువుతాను. అంతవరకూ క్రిస్మస్‌కీ, లూసీ పుట్టినరోజుకీ రెండు ముక్కలు రాస్తుంటాను. చింపేసినా సరే.

నీ
వసు


ఫ్రీమాంట్
1985 ఫిబ్రవరి 10

ప్రియమైన వసుకి,

నీ ముక్కలన్నీ చేరాయి. చింపలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే నీతో పని పడింది, అందుకు.

ముందు జరిగింది విను. కోర్టులో రేణు చెప్పగా విన్నదే నీకు రాస్తున్నాను. ఆ శనివారం మధ్యాహ్నం ఈయన వెళ్ళేసరికి భాస్కర్ పూర్తిగా తాగి ఉన్నాడు, గోడ పట్టుకుని తలుపు తీశాడు. ఈయన, "తమ్ముడూ, ఇవాళ ఇవ్వలేను. రేపు చర్చి అయ్యాక నేనే వచ్చి కూర్చుంటా, మాట్లాడుకుందాం" అన్నాడు. భాస్కర్ నవ్వాడు. "నాకే రూల్ చెప్తవా అన్నా? మనోనివి అనుకుంటి" అన్నాడు. ఈయన పెట్టె తీసుకెళ్ళి వ్యానులో పెట్టి తాళం వేశాడు. ఎక్కి కూర్చున్నాడు కూడా.

అప్పుడు రేణు వాకిట్లోకొచ్చి, "అన్నా, కాఫీ పెట్టిన, తాగి పోండి" అంది. మర్యాదకి పిలిచింది. ఈయన దిగాడు. బీరు కాదని, కాఫీ కూడా కాదని ఎలా పోతాడు? ఒకే గుమ్మంలో రెండుసార్లు కాదనడం చేతకాని మనిషి వసూ. నీ రూల్లో ఒక మాట పాటించాడు, ఒక మాట దాటాడు.

భాస్కర్ సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడట, ఏమీ ఎరగనట్టు. ఈయన కప్పు నోటికి పెట్టుకున్నాక లేచి వంటింట్లోకి వెళ్ళాడు. రేణు వాళ్ళమ్మ ఇచ్చిన ఇనప దోసె పెనం ఉంది. దానితో వెనకనుంచి కొట్టాడు. కప్పు పగిలింది. ఈయన లేవబోయాడు. "తమ్ముడూ" అన్నాడట. మళ్ళీ కొట్టాడు. కింద పడ్డాక మీద కూర్చుని కొట్టాడు. రేణు చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి విరిగింది. ఎన్ని దెబ్బలో డాక్టరు కోర్టులో చెప్పాడు. ఆ అంకె నేను రాయను, నీకు అంకెలంటే ఇష్టం కదా, ఇది వద్దు. నెత్తురు కార్పెట్ తడిపి కింద చెక్కలోకి దిగింది. శవపేటిక మూసే ఉంచమన్నారు. లూసీ చూస్తానని మొండికేసింది. చూసింది. అప్పటినుంచీ అది గదిలో లైటు ఆర్పదు.

భాస్కర్ జైల్లో ఉన్నాడు. రేణు నా ఇంట్లో ఉంది. కట్టు విప్పాక ఎక్కడికి పోతుందో దానికే తెలియదు, నేనే తెచ్చుకున్నాను. కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. చర్చిలో ఒకావిడ, "చంపినవాడి పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుంటావా సిస్టర్?" అంది. "చంపినవాడు జైల్లో, కొట్టించుకున్నది నా ఇంట్లో. ఎక్కడుండాల్సిన వాళ్ళు అక్కడే ఉన్నారు" అన్నాను.

ఇప్పుడు పని చెబుతాను. వచ్చే నెల కౌన్సిల్ ఆ రూలు మళ్ళీ తిరగేస్తోంది. కొట్లవాళ్ళంతా అర్జీ పెట్టారు, తాగినవాడికి ఇవ్వకూడదన్న షరతు తీసెయ్యమని. అర్జీలో మొదటి మాట ఈయన పేరే. ప్రేమానందంలాంటి చావు ఇంకొకటి వద్దట. ఒకప్పుడు నేను అన్నమాటే అది, తెలుసు. కానీ ఆయన ఈ భూమ్మీద చివరగా చేసిన మంచి పని ఆ పెట్టె వెనక్కి తేవడం. అది చెయ్యకూడని పని అని ఊరంతా చేతులెత్తి ఓటు వేస్తుంటే నేను ఎక్కడ కూర్చోను? అది తప్పయితే ఆయన దేనికి పోయినట్టు?

షరతు ఉండాలి. ఈసారి ఇద్దరు మనుషుల మాట కూడా పెట్టించాలి. మొదటిసారి రాసినట్టే రాయి. అప్పుడు నన్ను కాదని రాశావు. ఇప్పుడు నాకోసం రాయి. రేణుతో కూడా మాట్లాడు, కొట్టు నంబరుకి చెయ్యి. ఆ పెట్టె కూడా తాగి ఉంటే తననే చంపేసేవాడని, ఆ రూలు వల్లే తను బతికి ఉందని అదే చెబుతుంది.

నీ
మణి


పార్సిప్పనీ
1985 మార్చి 3

ప్రియమైన మణికి,

నువ్వు మళ్ళీ "ప్రియమైన" అని రాశావు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతావు. అందుకే, ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. రాశాక ఆ మాట మళ్ళీ నాకు దక్కుతుందో లేదో.

రేణుకి ఫోన్ చేశాను. నువ్వు బ్యాంకుకి వెళ్ళిన పూట దొరికింది. నీ గురించి చెప్పింది, లూసీకి తల దువ్వుతున్నానంది. రూలు సంగతి ఎత్తాను. వెనక కొట్టు తలుపు గంట మోగితే, ఎవరికో చిల్లర ఇచ్చి వచ్చింది. అప్పుడు చెప్పింది. దాని మాటలే రాస్తున్నాను, నావి కలపడం లేదు.

"అక్కా, మణక్కకి నేను చెప్పలే. ఆమె మొహం చూసి చెప్పలేను. బీరు డబ్బా వచ్చిన దినం ఆయన తాగి పండుకుంటుండె. కొడితే ఒకటి రెండు కొడుతుండె, అంతే. రాని దినమే నాకు చావు. నా పక్కటెముకలు ఇరిగింది అట్లాంటి దినమే, పెద్ద స్టోర్‌ల స్ట్రైక్ ఉండి బీరు రాలే అప్పుడు. ప్రేమన్న డబ్బా వాపస్ తీసుకపోయి వ్యాన్‌ల పెట్టిండు, నేను కిటికీలకెల్లి చూసిన. ఈ మనిషి పోతే నేను పోతనని తెలిసిపోయింది. మా ఆయన మంది ముందట కొట్టడు. ఎవరన్న ఇంట్ల కూసుంటే మంచిగుంటడు, నవ్వుతడు, వాళ్ళు పోయేదాక. అందుకే కాఫీ అన్న. కాఫీ పెట్టనే లేదక్కా. పిలిచినంక పెట్టిన. ప్రేమన్న కొంచెంసేపు కూసుంటే, ఆయనకి నిద్రొస్తదేమో అనుకున్న."

అదే మళ్ళీ అంది, "ఆ రూల్ తీసెయ్యమని రాయక్కా. అది ఉంటే ఇంకొకామె నా లెక్కనే తలుపు దగ్గర నిలబడి ఎవర్నో కాఫీకి పిలుస్తది." ఈ సంగతి మణికి రాయమంటావా అని అడిగాను. "రాయి. నేను ఇంట్లకెల్లి పొమ్మంటే పోత" అంది. పొమ్మనవని నేను చెప్పాను. తప్పు చెప్పానా?

ఇంట్లో మనిషి ఉంటే మొగుడు చెయ్యెత్తడని మన ఆడవాళ్ళం ఎంతమందిమి నమ్మలేదు చెప్పు. పండక్కి చుట్టాలు ఇంకో రోజు ఉండాలని బతిమాలిన ఆడవాళ్ళ మొహాలు ఇవాళ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పిండివంటలు చేసి ఆపుతున్నారనుకునేదాన్ని. రేణు ఆ నమ్మకంతోనే పిలిచింది, ప్రేమానందంగారు మన మర్యాదతోనే దిగారు. కౌన్సిల్‌లో ఎవరికీ ఇది అర్థం కాదు. "పిలిస్తే ఎందుకు వెళ్ళాడు?" అని అడుగుతారు. గడప దాటకూడదని రాసిన నేను, మన ఇళ్ళల్లో పెరిగి కూడా, ఆ మాట ఆలోచించలేదు.

నా దగ్గర ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళున్నారు. పెట్టె ఇచ్చిన రోజు ఒకామె చచ్చిపోయింది. పెట్టె ఇచ్చిన రోజులన్నీ ఇంకొకామె బతికింది. ఆఫీసులో అయితే ఇలాంటివి వెయ్యి పోగేసి ఏ వైపు ఎక్కువున్నాయో చెబుతాం. రేణు గొంతు విన్నాక ఆ లెక్క చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆ రోజు ఆయన పెట్టె ఇచ్చి వచ్చేస్తే భాస్కర్ తాగి పడుకునేవాడేమో, మీ ఇంట్లో లైటు ఆరేదేమో. లేక ఆ శనివారం కాకపోతే మరో శనివారం, పెట్టె ఇచ్చాక కూడా, రేణు పెనం కింద పోయేదేమో. పెట్టెతో ఒకటి రెండు దెబ్బలు అంటుంది అది, "అంతే" అంటుంది. ఆ ఒకటి రెండు దెబ్బలు కూడా పడకుండా ఉండాలని రూలు రాయాలా, ఒకటి రెండు దెబ్బలతో ఆగేలా ఉండాలని రాయాలా?

నీ కోసం రాయమన్నావు. రాయాలనే కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే రేణు అడ్డం వస్తోంది. రేణు అడిగినట్టు రాయబోతే నువ్వు ఆ హాల్లో, పక్క కుర్చీ ఖాళీగా, చేతులెత్తుతున్న జనాన్ని చూస్తూ కనిపిస్తున్నావు. ఒకసారి తేల్చుకుని రాశాను, దాని ఫలితం నీ ఇంట్లో ఉంది. హియరింగ్‌కి నన్ను రమ్మంటే వస్తాను. నీ పక్కన కూర్చుంటాను. రేణు వస్తే దాని పక్కన కూడా కూర్చుంటాను. నన్ను లేచి మాట్లాడమంటే రేణు చెప్పింది చెబుతాను, కాథ్లీన్‌ది చెబుతాను, ఏది చెయ్యండి అని మాత్రం చెప్పలేను.

ఆయన దేనికి పోయినట్టు అని అడిగావు. నువ్వు నన్ను అడిగిన వాటిలో దానికొక్కదానికే జవాబు కావాలని నాకు తెలుసు. ఆ పెట్టె వెనక్కి తెచ్చి ప్రేమానందంగారు రేణుని కాపాడారో, దాని మీదికి చావు తెచ్చి ఆ చావుని తనే తీసుకున్నారో, నాకు తెలియడం లేదు మణీ. తెలియదన్న మాట నీకు రాయడం మంచిదో కాదో కూడా తేల్చుకోలేకుండానే ఈ కవరు అంటిస్తున్నాను.

నీ
వసు